మామగారి ఫోన్ దర్బారు

ప్రశ్న: మేడమ్, మేం బెంగళూరు రామ్మూర్తి నగర్‌లో ఉంటాం. మా మామగారు మదనపల్లె దగ్గర హైస్కూల్లో తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఆయనా, అత్తగారూ మా దగ్గరే ఉంటున్నారు. మేం ఆఫీసులకు, బాబు స్కూలుకు వెళ్ళిపోతే పగలంతా ఇంట్లో వాళ్ళిద్దరే. ఈమధ్య మామగారికి మోసగాళ్ళ ఫోన్లు తెగ వస్తున్నాయి. కేవైసీ అంటారు, పార్సిల్ అంటారు, కరెంటు బిల్లు అంటారు. మామూలుగా ఎవరైనా పెట్టేస్తారు కదా, ఈయన పెట్టరు. కూర్చుని గంటసేపు వాళ్ళతో ఆడుకుంటారు. మొన్న ఒకడు ఓటీపీ అడిగితే "రాసుకో నాయనా, నేత్రములు, వేదములు, ఋషులు, వసువులు, బాణములు, చంద్రుడు" అని చెప్పారు. అదంతా రికార్డు చేసి, వాడి నంబరుతో సహా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. మావారు కూడా "నాన్న సూపర్" అంటారు. నాకే టెన్షన్‌గా ఉంది. ఏదో ఒకరోజు వాడే గెలిస్తే? ఈయన్ని ఆపడం ఎలా?
— ఒక కోడలు, బెంగళూరు

సమాధానం:

ముందు ఆ ఓటీపీ సంగతి చెప్పుకోకుండా ముందుకు పోలేను. తెలియనివాళ్ళ కోసం రాస్తున్నా. పూర్వం శాసనాల్లోనూ పద్యాల్లోనూ సంవత్సరాలను ఇలా మాటల్లోనే చెప్పేవారు. నేత్రాలు రెండు, వేదాలు నాలుగు, ఋషులు ఏడుగురు, వసువులు ఎనిమిది మంది, మన్మథుడి బాణాలు ఐదు, చంద్రుడు ఒక్కడు. వరసగా 2, 4, 7, 8, 5, 1. అంతటితో అయిపోదు. ఈ లెక్కను కుడి నుంచి ఎడమకు చదవాలి. అంటే సంఖ్య 158742. పాపం వాడు ఏ సిద్ధాంతిగారినో పట్టుకుని మాటలన్నిటికీ అంకెలు వేయించుకున్నా, తిరగేసి చదవాలని తెలియదు. తెలిసి తిరగేసినా అది ఓటీపీయే కాదు. ఓటీపీలు పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని ఇంత భద్రంగా ఎవరూ దాచి ఉండరు.

అందుకని నేను ఆపమని చెప్పను. ఆపమంటే ఆయన ఆపరు కూడా. మీరు ఆఫీసుకు వెళ్ళాక తలుపు దగ్గరికి వేసుకుని ఆడతారు. అసలు ప్రమాదం అప్పుడే. ఈ మోసాలు చేసేవాళ్ళకు కావలసింది ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మాట్లాడే పెద్దమనిషి. మాట్లాడిందంతా నలుగురికీ వినిపించి చప్పట్లు కొట్టించుకునే మనిషి వాళ్ళకు పనికిరాడు. మీ మామగారి గొప్పలు చెప్పుకునే అలవాటే ఇప్పటికి మీ ఇంటికి కాపలా. దాన్ని చెడగొట్టకండి.

అయితే ఆటకో హద్దు ఉండాలి. అది ఎక్కడ గీయాలో తేల్చుకోవాలంటే డబ్బు ఎలా పోతుందో కొంచెం చూడాలి. నేను ఏళ్ళ తరబడి బ్యాంకు కౌంటర్లో కూర్చున్నదాన్ని. డబ్బు పోగొట్టుకుని వచ్చినవాళ్ళ దగ్గర నేను వినే కథలో ఏదో ఒకచోట వాళ్ళ చెయ్యి కదిలి ఉంటుంది. లింకు నొక్కారు, వాట్సాప్‌లో 'పెళ్ళి శుభలేఖ' అనో 'ట్రాఫిక్ చలానా' అనో వచ్చిన ఏపీకే ఫైలు (తెరిస్తే ఫోన్లో యాప్ ఎక్కించేది) తెరిచారు, మన స్క్రీన్ అవతలివాడికి కనబడే యాప్ వేసుకున్నారు, 'డబ్బు వస్తుంది, క్యూఆర్ స్కాన్ చెయ్యండి' అంటే స్కాన్ చేసి పిన్ కొట్టారు. (యూపీఐలో పిన్ పంపడానికే కావాలి, తీసుకోవడానికి అక్కర్లేదు. ఈ ఒక్క వాక్యం మీ ఫ్రిజ్ మీద అంటించండి.) కొరియర్ బాయ్‌తో మాట్లాడాలంటే స్టార్‌తో మొదలయ్యే ఈ కోడ్ కొట్టండి అని ఇంకొకడు చెబుతాడు. అది కాల్ ఫార్వర్డింగ్ కోడ్. కొడితే మీకు రావలసిన ఫోన్లు వాడికి పోతాయి. పొరపాటున ఎవరైనా కొట్టి ఉంటే ##002# డయల్ చేస్తే ఫార్వర్డింగ్ అంతా రద్దవుతుంది.

ఇక నోటి వల్ల పోయేది అందులో నిజం ఉన్నప్పుడే. నిజమైన ఓటీపీ, నిజమైన కార్డు నంబరు, నిజమైన ఆధార్. కాబట్టి మామగారికి రెండే షరతులు పెట్టండి. ఫోన్ మాట్లాడుతున్నంతసేపూ వేలు తెర మీదికి పోకూడదు. నోట్లోంచి ఒక్క నిజం రాకూడదు. ఈ రెండూ పాటిస్తే ఆయన ఎంతసేపు దర్బారు నడిపినా మీ ఖాతాలో రూపాయి కదలదు.

ఒక్క చిన్న మాట. ఆయన ఆడుతుండగా ఫోన్‌కు నిజంగానే ఓటీపీ మెసేజ్ వచ్చిందనుకోండి, అవతలివాడు అప్పటికే ఎక్కడో ఆయన నంబరుతో లాగిన్ అవ్వడానికో, కొనుగోలు చెయ్యడానికో ప్రయత్నిస్తున్నాడని అర్థం. అక్కడితో ఫోన్ పెట్టేసి, ఆ మెసేజ్ ఏ ఖాతాకు వచ్చిందో చూసి దాని పాస్‌వర్డ్ మార్చాలి.

ఇప్పుడు ఆటల్లోకి వద్దాం. మామగారికి కొత్త సరుకు కావాలి కదా, ఓటీపీ పద్యం ఒకటే ఎన్నాళ్ళు చెబుతారు!

తెలుగువాళ్ళకు బాగా తగిలే ఫోన్ ఒకటుంది. "హలో బాబాయ్, బాగున్నారా? నన్ను గుర్తుపట్టారా?" అని మొదలవుతుంది. మనకు మొహమాటం ఎక్కువ. గుర్తుపట్టలేదంటే ఎదుటివాడు నొచ్చుకుంటాడేమోనని "ఎవరు, మన రమేషా?" అని పేరు మనమే అందిస్తాం. "అవును బాబాయ్, రమేష్‌నే" అంటాడు వాడు. తర్వాత, ఎవరో తనకు డబ్బు ఇవ్వాలనీ, తన యూపీఐ పనిచెయ్యడం లేదనీ, మీ ఖాతాలో వేయిస్తాననీ చెబుతాడు. మరుక్షణం '25,000 జమ అయింది' అని మెసేజ్ వస్తుంది. 'అయ్యో, 2,500 వెయ్యాల్సింది, సున్నా ఎక్కువ పడింది, మిగతాది తిరిగి పంపండి బాబాయ్' అని ఏడుపు. ఆ మెసేజ్ మామూలు పది అంకెల నంబరు నుంచి వచ్చి ఉంటుంది. బ్యాంకు పంపేది బ్యాంకు పేరును సూచించే అక్షరాలతో వస్తుంది, ఫోన్ నంబరుతో రాదు. ఖాతా తెరిచి చూస్తే అందులో పైసా పడి ఉండదు.

దీనికి మామగారు ఇలా చెయ్యొచ్చు.

"గుర్తుపట్టకపోవడమేమిట్రా! చీటీ పాట ఎత్తుకుని రాత్రికి రాత్రి ఊరొదిలిపోయిన సుబ్బరామయ్య కొడుకువి కదూ!"

"అవును బాబాయ్, ఆయన కొడుకునే."

"దొరికావు నాయనా! మీ నాన్న నాకివ్వాల్సిన 80 వేలు నువ్వు తీరుస్తావని నాకు తెలుసు. వడ్డీ మాట తర్వాత చూద్దాం. అసలు ఈరోజు పంపుతావా, రేపా? ఉండు, మీ పిన్నికిస్తా, ఆవిడ నగ కూడా ఆ చీటీలోనే పోయింది."

వాడు కొడుకునని ఒప్పుకున్నాడు కాబట్టి బాకీ కూడా వాడిదే. ఇప్పుడు వాడు 'నేను ఆ సుబ్బరామయ్య కొడుకును కాదు' అని రుజువు చేసుకోవాలి. సాధారణంగా ఆ కష్టం పడకుండా పెట్టేస్తారు.

రెండోది పార్సిల్. "మీ పేరు మీద విదేశానికి వెళ్తున్న పార్సిల్‌ని ముంబైలో కస్టమ్స్ వాళ్ళు పట్టుకున్నారు. అందులో ఐదు పాస్‌పోర్టులు, ఎండీఎంఏ అనే మత్తుమందు ఉన్నాయి" అంటారు. బెంగళూరులో ఇది చాలా పాత నాటకం. చదువుకున్నవాళ్ళు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళు కూడా ఇందులో పడ్డారు. మామగారు భయపడకుండా ఒకే ఒక్క విషయం మీద కూర్చోవాలి: ఆవకాయ.

"ఆఁ, దొరికిందా నాయనా! మా అమ్మాయి డల్లాస్‌లో ఎదురుచూస్తోంది. జాడీ పగల్లేదు కదా?"

"సర్, అందులో పాస్‌పోర్టులు…"

"పాస్‌పోర్టులకు నూనె కారిందా? నేను ప్యాకింగ్ వాడికి చెప్తూనే ఉన్నా, మూతకు గుడ్డ కట్టు, గుడ్డ కట్టు అని. నువ్వుల నూనె బాబూ, మరక పోదు. ముందు కిందా మీదా తిప్పకుండా నిలబెట్టు. నిలబెట్టావా?"

"సర్, ఇది నార్కోటిక్స్ కేసు!"

"మెంతులు కూడా వేశాం, వాసన వస్తోంది కదూ."

వాడు ఎన్నిసార్లు నార్కోటిక్స్ అన్నా ఈయన జాడీ నిలబెట్టాడా లేదా అన్నది తేలేదాకా కదలకూడదు. ఈ పద్ధతిలో గొప్పదనం ఏమిటంటే వాడు బట్టీపట్టిన పాఠంలో ఆవకాయకు సమాధానం ఉండదు.

కరెంటు ఫోన్ పెద్దగా రక్తికట్టదు. "ఈ రాత్రి 9:30కి మీ కరెంటు కట్ చేస్తాం, వెంటనే ఈ ఆఫీసరుకు ఫోన్ చెయ్యండి" అంటారు. "మంచిది బాబూ, త్వరగా పడుకుంటాం" అని పెట్టేస్తే చాలు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పేరు చెప్పి "మీ నంబరు రెండు గంటల్లో ఆగిపోతుంది, వివరాలకు 9 నొక్కండి" అనే రికార్డింగుతో అసలు ఆటే లేదు. అది యంత్రం, దానికి ఆవకాయ పట్టదు. 9 నొక్కితేనే మనిషి లైన్లోకి వస్తాడు. నొక్కడం అంటే చెయ్యి కదపడం, అది మన షరతుకు విరుద్ధం.

బెంగళూరులో ఉన్నవాళ్ళకు ఒక సదుపాయం ఉంది, దాన్ని సరిగ్గా వాడుకోవడం లేదని నా బాధ. ఫోన్ చేసేవాడు హిందీలో మొదలుపెడితే తెలుగులో జవాబు చెప్పండి. వాడు తెలుగువాణ్ణి తెచ్చాక "కన్నడ మాతాడి" అనండి. కన్నడం వచ్చినవాణ్ణి తెచ్చేలోపు ఫోన్ కింద వాచ్‌మన్‌కి ఇవ్వండి. వాచ్‌మన్ నేపాలీ అయితే మరీ మంచిది. మా వీధిలో ఒక పెద్దావిడ ఇలాంటి ఫోన్లు ఎత్తగానే "కొంచెం ఉండు నాయనా, కళ్ళజోడు వెతుక్కుంటా" అని ఫోన్ పప్పు డబ్బా మీద పెట్టి తన పని తాను చేసుకుంటారు. మధ్యమధ్యలో వచ్చి "ఉన్నావా?" అని అడిగి "దొరకలేదు, ఉండు" అంటారు.

ఇదే పనికి విదేశాల్లో యంత్రాలు పెట్టుకున్నారు. బ్రిటన్‌లో ఓటూ అనే ఫోన్ కంపెనీ 2024 నవంబరులో డైసీ అనే కృత్రిమ మేధ బామ్మను తయారుచేసింది. ఆవిడ అల్లికల గురించి, ఇంట్లోవాళ్ళ గురించి చెబుతూ మోసగాళ్ళను ఒక్కోసారి 40 నిమిషాలు లైన్లో ఉంచిందని ఆ కంపెనీ చెప్పింది. అంతకు చాలా ముందే లెన్నీ అనే ముసలాయన గొంతు ఉండేది. ముందే రికార్డు చేసిన కొన్ని వాక్యాలంతే. అవతలివాడు మాట ఆపినప్పుడల్లా తర్వాతి వాక్యం వస్తుంది, మధ్యలో బాతులు అరుస్తాయి. దాంతో కూడా ఎంతోసేపు మాట్లాడినవాళ్ళున్నారు. మన ఇళ్ళలో ఈ పని చేసేవాళ్ళు పుట్టుకతోనే ఉన్నారు, కంపెనీ పెట్టనక్కర్లేదు.

కొన్ని ఆటలు మాత్రం వద్దు.

"నేను సైబర్ క్రైమ్ డీఎస్పీని మాట్లాడుతున్నా" అని గద్దించడం మన మగవాళ్ళకు మహా సరదా. ప్రభుత్వోద్యోగిగా నటించడం మన చట్టంలో నేరం. వాళ్ళు చేస్తున్న తప్పే మనమూ చేస్తే ఎలా? అలాగే నోటికొచ్చిన ఖాతా నంబరో, కార్డు నంబరో చెప్పడం. మనం ఉత్తుత్తిగా చెప్పిన అంకెలు ఎవరో ఒకరివి కావచ్చు. అంకెలు అడిగితే పద్యమే క్షేమం.

తల్లిని తిట్టడం కూడా వద్దు. మర్యాద కోసమే అనడం లేదు. తిట్లు తిన్నవాడు పగబట్టి రాత్రంతా ఫోన్లు చేయిస్తాడు, ఆ నరకం మీకు వద్దు. ఇంకో కారణం ఉంది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన వ్యవహారం గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్ళను కంబోడియాకు పంపితే, అక్కడ వాళ్ళచేత బలవంతంగా ఇలాంటి సైబర్ మోసాలే చేయించారు. చక్కని తెలుగులో మాట్లాడేవాడు కావాలని ఈ పనికి దిగినవాడో, పాస్‌పోర్టు లాక్కుంటే ఇరుక్కుపోయినవాడో మనకు ఫోన్లో తెలియదు. "ఏ ఊరు నాయనా మనది?" అని అడిగితే ఎక్కువమంది పెట్టేస్తారు. అడగడంలో తప్పు లేదు. ఎవడైనా నిజంగా ఊరు చెప్పి సాయం అడిగితే అప్పుడు పోలీసులకు చెప్పండి. మీరు మాత్రం వాడికి డబ్బు పంపకండి. అదీ నాటకం కావచ్చు.

వీడియో కాల్ వస్తే ఆట బంద్. దీంట్లో మినహాయింపు లేదు. సీబీఐ అంటారు, ఈడీ అంటారు, ముంబై పోలీసు అంటారు. తెర మీద యూనిఫాం, వెనక గోడ మీద ప్రభుత్వ చిహ్నం. మీ ఆధార్‌తో తెరిచిన ఖాతాలో నల్లడబ్బు దొరికిందని, కెమెరా ఆపకూడదని, గది దాటకూడదని, ఎవరికీ చెప్పకూడదని హుకుం. చివరికి 'పరిశీలన కోసం' మీ డబ్బంతా వాళ్ళు చెప్పిన ఖాతాకు పంపమంటారు, విచారణ అయ్యాక తిరిగి వస్తుందట. దీనికి డిజిటల్ అరెస్ట్ అని పేరు పెట్టారు. చట్టంలో అలాంటిది లేనే లేదని ప్రధాని మోదీ 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లోనే చెప్పాల్సి వచ్చింది. ఆ ఏడాది చివర్లోనే మన బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఇలాగే 11.8 కోట్లు పోగొట్టుకున్నారు. తెలివి తక్కువై కాదు. భయపెట్టి, నిద్రపోనివ్వకుండా, ఇంకో మనిషి మాట చెవిన పడకుండా రోజుల తరబడి కూర్చోబెడితే తెలివి పనిచెయ్యదు. పైగా వీడియోలో మీ ముఖం, మీ ఇల్లు, వెనక సోఫాలో ఉన్న మనవడు వాళ్ళకు కనబడతారు. మామగారు ఎంత ఉత్సాహపడ్డా సరే, వీడియో ఎత్తకూడదు.

ఇంకొకటి. మీరు ఉత్తరంలో అత్తగారి గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు. నాకు బెంగ ఆవిడ గురించే. ఈయన గుర్తుపడతారు, నవ్వుతారు. ఈయన పాలపాకెట్లకో, పార్కుకో వెళ్ళినప్పుడు ఆ ఫోన్ మోగితే ఎత్తేది ఎవరు? "మీ అబ్బాయిని పోలీసులు పట్టుకున్నారు, ఇదిగో మాట్లాడండి" అని ఏడుపు గొంతు వినిపిస్తే ఆవిడ ఏం చేస్తారు? ఇప్పుడు గొంతును కూడా నకలు తీస్తున్నారు. దానికి మీ ఇంట్లోవాళ్ళకు మాత్రమే తెలిసిన ప్రశ్న ఒకటి పెట్టుకోండి. ఊళ్ళో మీ ఆవు పేరేమిటి, చిన్నప్పుడు అబ్బాయి ఏ చెట్టు మీంచి పడ్డాడు, ఇలాంటిది. జవాబు రాకపోతే ఫోన్ పెట్టేసి నేరుగా కొడుకుకు చెయ్యాలి. "అరెస్టు చేస్తాం" అని ఎవడైనా సాయంత్రం బెదిరిస్తే ఆవిడ చెప్పడానికి చట్టంలోనే మంచి డైలాగు ఉంది. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్ళను అరెస్టు చెయ్యకూడదు. అసాధారణ పరిస్థితుల్లో చెయ్యాలన్నా మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి. "పొద్దున్నే రండి నాయనా, మేజిస్ట్రేటు కాగితం, ఒక లేడీ ఆఫీసరు, రెండూ తెచ్చుకోండి, కాఫీ ఇస్తా" అని పెట్టేస్తే సరి.

ఈ సాధన మామగారిచేతే చేయించండి. ఆయన పక్కగదిలోంచి దొంగగా ఫోన్ చెయ్యాలి, ఆవిడ పెట్టేయాలి. రోజుకో వేషం: బ్యాంకు మేనేజరు, కస్టమ్స్ ఆఫీసరు, సుబ్బరామయ్య కొడుకు. అత్తగారు మొదట్లో నవ్వేస్తారు, తర్వాత విసుక్కుంటారు, ఆ తర్వాత మీ మామగారి నిజమైన ఫోన్ కూడా పెట్టేస్తారు. అప్పటికి నేర్చుకున్నట్టు. మీ అపార్ట్‌మెంట్లో ఆయన వయసువాళ్ళు, తెలుగు వచ్చినవాళ్ళు ఇంకొంతమంది ఉండే ఉంటారు. క్లబ్ హౌస్‌లో ఒక ఆదివారం వాళ్ళందరినీ కూర్చోబెట్టి ఆయనచేత ఇదే ఆడించండి. ఏళ్ళ తరబడి బోర్డు ముందు నిలబడి పాఠం చెప్పిన మనిషికి బెంగళూరు ఫ్లాట్‌లో వినేవాళ్ళు లేక, ఫోన్ చేసినవాడల్లా శిష్యుడైపోతున్నాడు. వినే మనుషులు ఎదురుగా దొరికితే ఆ దొంగలకు కేటాయించే టైము దానంతట అదే తగ్గుతుంది.

మామగారికి కూడా ఒక హెచ్చరిక చెప్పండి, నా పేరు మీద చెప్పినా సరే. ఆయన ఓడిపోయేది అలవాటైన ఫోన్లకు కాదు, సమయం కలిసొచ్చిన ఫోన్‌కు. నిజంగానే మీకు పార్సిల్ రావాల్సిన రోజున పార్సిల్ ఫోన్ వస్తుంది. పెన్షన్ ఆగిన నెలలోనే పెన్షన్ ఆఫీసు పేరుతో ఫోన్ వస్తుంది. వాళ్ళకు మన సంగతి తెలిసి చేసింది కాదు. వందలమందికి చేస్తే ఒకరికి అలా కుదురుతుంది. అందుకే పని ఉందనిపించిన ఫోన్‌నే ముందు పెట్టేసి, మనకు తెలిసిన నంబరుకు మనమే చెయ్యాలి. బ్యాంకులు తమ ఖాతాదారులకు చేసే సేవా ఫోన్ల కోసం 1600తో మొదలయ్యే నంబర్లు, అమ్మకాల ఫోన్ల కోసం 140తో మొదలయ్యేవి కేటాయించారు. మామూలు మొబైల్ నంబరులోంచి "బ్యాంకు నుంచి" అంటే అక్కడే ఆవకాయ తీయొచ్చు.

మీరు, మీవారు ఒక శనివారం కూర్చుని చెయ్యాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. మామగారి ఫోన్‌కు కట్టిన యూపీఐ ఖాతాలో నెల ఖర్చుకు సరిపడా మాత్రమే ఉంచండి. పెన్షన్ పొదుపు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేరే ఖాతాలో, ఆ ఫోన్‌లో యాప్ లేకుండా. తెలియని చోట నుంచి వచ్చిన యాప్‌లు వేసుకునే అనుమతి సెట్టింగుల్లో ఆపేయండి. వాట్సాప్‌లో తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చెయ్యొచ్చు, చెయ్యండి. అమ్మకాల ఫోన్లు రాకుండా 1909లో డీఎన్డీ (డు నాట్ డిస్టర్బ్) పెట్టండి. "మీ ఆధార్ మీద ఇంకో సిమ్ ఉంది" అని బెదిరించేవాళ్ళ నోరు మూయించాలంటే టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైట్లో చూసుకుంటే సరి, మన పేరు మీద ఎన్ని కనెక్షన్లున్నాయో అదే చూపిస్తుంది. మనవి కానివి అక్కడే చెప్పొచ్చు. ఎప్పుడైనా నిజంగా డబ్బు పోతే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపించగలిగేది అప్పుడే. ఆ తర్వాత సైబర్ నేరాలు చూసే మీ డివిజన్ సెన్ పోలీస్ స్టేషన్‌కు వెళ్ళండి.

ఇక గ్రూపులో నంబర్లు పెట్టడం. మీ మామగారు చేస్తున్నవాటిలో ఇదొక్కటే ఈరోజే ఆపించాల్సింది. మన తెర మీద కనబడే నంబరు వాడిదే అని నమ్మకం లేదు. ఎవరిదో అమాయకుడి ఆధార్ మీద తీసిన సిమ్ కావచ్చు, అసలు వేరేవాళ్ళ నంబరును తమదిగా చూపించి ఉండొచ్చు. మీ అపార్ట్‌మెంట్లో ఉత్సాహవంతులు ఆ నంబరుకు ఫోన్ చేసి తిడితే, అది ఎక్కడో టీకొట్టు నడుపుకునే మనిషికి తగులుతుంది. నంబరు పెట్టాల్సిన చోటు సంచార్ సాథీలోని చక్షు అనే ఫిర్యాదుల విభాగం. అనుమానం కలిగించిన ఫోన్లు, మెసేజ్‌లు, వాట్సాప్ కాల్స్ అక్కడ ఫిర్యాదు చెయ్యొచ్చు, డబ్బు పోనవసరం లేదు. అడ్మిన్‌తో చెప్పి గ్రూపులో ఇదివరకు పెట్టిన నంబర్లు తీయించండి. ఆడియోలు మాత్రం ఉంచుకోవచ్చు. అందులో ఎక్కడైనా నంబరో, మీ ఇంటి వివరాలో వినబడితే ఆ ముక్క కత్తిరించే పని మీ బాబుకు అప్పజెప్పండి. ఆ విద్యలో వాడు తాతగారికి గురువు.